జంట లేని కట్ట

మా మనవడు ఫోనులో పేకాడుతున్నాడని మా ఆవిడ అభియోగం తెచ్చింది. విచారణకని వెళ్ళినవాణ్ణి వాడి పక్కనే చతికిలబడ్డాను.

ఆట పేరు హార్త్‌స్టోన్. అమెరికాలో బ్లిజార్డ్ కంపెనీవారు 2014లో విడుదల చేశారు. మన రమ్మీలో అందరికీ ఒకే పేకలోంచి ముక్కలు పంచుతారు గదా. ఇక్కడ ఎవరి కట్ట వారే కూర్చుకు రావాలి. మామూలుగా 30 ముక్కలు. ఒకే ముక్క రెండుకు మించి పెట్టరాదు. "లెజెండరీ" అనే దొరబిడ్డలైతే ఒక్కొక్కటే.

"అయితే పెద్ద ముక్కలే పెట్టరా, యెందుకీ తంటా?" అన్నాను. పెట్టాడు. కాని ప్రతి ముక్కకీ ఖరీదుంది సుమండీ! మొదటి వంతుకి మన చేతికి ఒక్క కాసు, రెండో వంతుకి రెండు, అలా పది దాకా. మా యేనుగులు చేతిలో వుండగానే ఎదుటివాడు చిల్లర ముక్కలతో మా 30 ప్రాణాలూ పట్టుకుపోయాడు. అలా యెగబడేదాన్ని అగ్రో కట్ట అంటారట. కాచుకుని కాచుకుని చివర్న కొట్టేది కంట్రోల్. రెండు మూడు ముక్కలు కలిసేదాకా కళ్ళు కాయలు కాసేలా చూసేది కాంబో. ఈ పేర్లు ఆటగాళ్ళు పెట్టుకున్నవే గాని నిబంధనల్లో లేవు.

ముక్క మీది రాత వల్ల పుట్టిన రకం ఒకటుంది. 2015లో రీనో జాక్సన్ అనే ముక్క వచ్చింది. మన కట్టలో జంటలు లేకపోతే, పోయిన ప్రాణమంతా తిరిగి తెస్తాడు. వాడికోసం మంచి ముక్కల్లో రెండోదాన్ని వదులుకుని, ముప్ఫయ్యీ వేరువేరుగా కూర్చుకుంటారు. మావాడు ఒకదాన్ని మాత్రం వదులుకోలేక యేడుపుమొహం పెట్టాడు.

కోర్టు గుమాస్తాగా ముప్ఫయ్యేళ్ళు కాగితాలు చదివినవాణ్ణి. "కట్టలో అన్నాడు గాని, కూర్చినప్పటి కట్టలో అన్నాడట్రా? ఒకటి నీ చేతికొచ్చేస్తే కట్టలో మిగిలింది ఒంటరిదేగా!" అన్నాను. వుంచాం. నాలుగు ప్రాణాల మీద వుండగా రీనో దిగాడు. ముప్ఫయ్! మనవడు నన్ను కావిలించుకున్నాడు.

మర్నాడు అదే కట్టలో 2023 నాటి కొత్త రీనోని కూడా చేర్చాం. ఎదుటివాడి సైన్యాన్ని తుడిచిపెట్టే మొనగాడు. తీరా దించితే వూరికే నిలబడ్డాడు. ఓడిపోయాక చదివాను: ఆట మొదలైనప్పుడే జంటలు వుండకూడదట! ఆ మాట చేర్చినవాడెవడోగాని మా కోర్టులో వుండదగినవాడు.

"నీ మాట నమ్మాను తాతయ్యా" అన్నాడు వాడు.

నాకు జవాబు తోచలేదు. వాడే ఆ రెండో ముక్కని తీసేశాడు. దాని చోట ఏది పెట్టాలో యింకా తేలలేదు. మా ఆవిడ మూడోసారి భోజనానికి పిలుస్తోంది. కట్టలో 29 వున్నాయి.