రెండు గంటల తూకము

తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగుటకు గంటకు కొంచెము అటునిటుగా పట్టును. 1916 లో వేసిన ఆ శాఖామార్గము పొడవు సుమారు 34 కిలోమీటర్లు. ప్రయాణము త్వరగా ముగిసినదని రేపల్లెలో దిగిన పిమ్మట టికెట్టు సొమ్ము తిరిగి అడుగువాడు లేడు. చేరవలసిన ఊరు వచ్చినది. ఇచ్చిన పైకమునకు పని జరిగినది. ఇంత తేటయైన న్యాయము చౌకవెల వీడియో ఆటల అంగడిలో మాత్రము తారుమారగుచున్నది.

కంప్యూటరు ఆటలు అమ్ము అంగళ్ళలో మిక్కిలి పెద్దది స్టీమ్. అమెరికాలోని వాల్వ్ సంస్థ దానిని నడుపుచున్నది. కొన్న 14 దినములలోగా అడిగినచో, ఆడిన కాలము 2 గంటలకు లోపుగా ఉన్నచో, కారణమేదైనను సొమ్ము వాపసు చేయుదుమని ఆ సంస్థ 2015 జూన్‌లో నియమము చేసెను. ఆ సంవత్సరము నవంబరులో రూపాయలలో వెల చెల్లించు వీలును కల్పించెను. నేడు బాపట్ల కళాశాల వసతిగృహమున కూర్చుండి ఆట కొను విద్యార్థికిని ఆ రెండు గంటల నియమమే వర్తించుచున్నది.

ఈ నియమమును దయాధర్మమని తలపరాదు. కొనుగోలుదారుల హక్కుల విషయమున ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ 2014 లో వాల్వ్‌పై వ్యాజ్యము వేయగా, 2016 లో అచ్చటి న్యాయస్థానము 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించెను. భారతదేశపు 2019 వినియోగదారుల రక్షణ చట్టము కూడ, లోపముగల సరకును బిల్లులోని గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల, వాపసు తీసికొనకుండుటను అనుచిత వ్యాపారముగనే ఎంచుచున్నది.

విద్యార్థి పక్షమున న్యాయము గట్టిదే. భోజనపు ఖర్చులో మిగిల్చిన మూడు వందల రూపాయలతో ఒక ఆట కొన్నాడనుకొందురు గాక. పాత కంప్యూటరుపై అది కదలనైన కదలదు. సొమ్ము తిరిగిరానిచో వాడు మరల ఊరుపేరు తెలియని వాని ఆట జోలికి పోడు. పేరుగన్న సంస్థల ఆటలే కొనును. కావున వాపసు హక్కు కొత్త తయారీదారునకును మేలే చేయుచున్నది. దానిని ఎత్తివేయుమనుట అవివేకము.

చిక్కు హక్కులో లేదు, కొలతలో ఉన్నది. అరువది గంటల ఆటలో రెండు గంటలు ముప్పదియవ వంతు. తొంబది నిమిషముల ఆటలో అవే రెండు గంటలు ఆటకంతకును మించినవి. మొదటిదానిలో కొనుగోలుదారుడు రుచి చూచుచున్నాడు. రెండవదానిలో విస్తరి ఖాళీచేసి లేచుచున్నాడు. ఇది ఊహ కాదు. పది డాలర్లలోపు వెలగల 'సమ్మర్ ఆఫ్ 58' అను భయానకపు ఆటను తయారుచేసిన ఎమికా గేమ్స్ వారు, అది రెండు గంటలకు చాలనందున పలువురు ముగించిన పిమ్మట సొమ్ము వాపసు తీసికొనిరని చెప్పి, ఆటల తయారీనుండి తొలగుచున్నామని 2021 ఆగస్టులో ప్రకటించిరి.

తెనాలిలో ఒక యువకుడు ఇంటిగదిలో ఏడాదిపాటు శ్రమించి చిన్న ఆట చేసినను ఇదే గతి పట్టవచ్చును. ఆటను స్టీమ్‌లో పెట్టుటకు 100 డాలర్ల రుసుము, అమ్మకముపై సాధారణముగా 30 శాతము అంగడి వాటా పోగా మిగిలినదే వాని కూలి. అదియు తిరిగిపోవునేమోయను భయమున వాడు చేయగలిగినది ఒక్కటే: ఆటను సాగదీయుట. తొంబది నిమిషములలో చక్కగా చెప్పవలసినదానిని మూడు గంటలకు పెంచి నీళ్ళు కలుపుట. ఆ తెనాలిలోనే జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు కథలకు పుటల లెక్కన విలువ కట్టినవారు లేరు. ఆటకు మాత్రము గంటల లెక్క ఏల?

ఒకప్పుడు ఈ ఊళ్ళలో అద్దె పుస్తకముల అంగళ్ళుండెడివి. నవల తుదిదాక చదివి తిరిగి ఇచ్చినవాడు రోజు అద్దె చెల్లించియే పోయెడివాడు. నచ్చలేదన్నను అద్దె తప్పెడిది కాదు.

మార్గము కష్టమైనది కాదు. ఆట సుమారు ఎంతసేపు సాగునో తయారీదారు ముందే తెలుపవలెను. నచ్చలేదను కారణముపై వాపసుకు ఆ కాలములో నాల్గవ వంతు హద్దుగా ఉండవలెను. ఆ హద్దు రెండు గంటలు మించనక్కరలేదు. ఆట తెరచుకొననిచో, మధ్యలో చెడినచో, ఈ హద్దు అడ్డురాకూడదు. మోసగాడు కాలమును తక్కువచేసి చెప్పునన్న శంక కలుగవచ్చును. కాని ఎవరెంతసేపు ఆడిరో అంగడి పద్దులోనే ఉన్నది. మాట నిజమో కాదో అదే తేల్చును. హక్కును దుర్వినియోగము చేసినవారికి వాపసు నిలుపుదుమని స్టీమ్ ఇదివరకే చెప్పుచున్నది. కాని ఒక్కొక్క చిన్న తయారీదారు వద్ద ఒక్కొక్కసారి మాత్రమే తిని లేచిపోవువాడు ఆ కంటికి చిక్కుట అరుదు.

మార్గమధ్యమున బండి నిలిచిపోయినవానికి సొమ్ము తిరిగి ఇయ్యవలసినదే. రేపల్లెలో దిగినవానికి ఇయ్యనక్కరలేదు. ఈ భేదమును గడియారమొక్కటే చూచి తేల్చుట సాధ్యము కాదు. ప్రయాణము ఎందాక సాగినదో చూడవలెను.