ఉగాది సభలో నవ్వుల పోటీ పెట్టాలి

ఉగాది వచ్చిందంటే పంచాంగ శ్రవణం, ఆ వెంటనే కవి సమ్మేళనం. ఏటా జరిగే తంతే ఇది. కోయిల మీద, మామిడి చిగురు మీద కవులు చదువుతారు, శాలువాలు కప్పించుకుంటారు. వినవచ్చినవారు ఆవులిస్తారు. కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల మెట్ట పల్లెల్లో అప్పటికే నీటి ఎద్దడి మొదలై ఉంటుంది. బిందెల వరుసలో నిలబడి వచ్చిన మనిషికి కోయిల పాట రుచించకపోవడంలో వింత లేదు. ఈ సభలకు తోడుగా, చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ హాస్య కవితల పోటీ పెట్టే విషయం స్థానిక సాహితీ సంఘాలు, యువజన సంఘాలు ఆలోచించాలి.

హాస్యం తెలుగు కవిత్వానికి కొత్త కాదు. అవధానంలో అప్రస్తుత ప్రసంగం మొదలైతే నిద్రపోతున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. జరుక్ శాస్త్రి (1914-1968) శ్రీశ్రీ అంతటివాని కవితలకే పేరడీలు కట్టి నవ్వించారు. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుని పేర నేటికీ ప్రచారంలో ఉన్నాయి. జొన్నరొట్టె తిని పెరిగిన ఈ సీమవారు ఆ మహాకవికి ఇంకా జవాబు బాకీ ఉన్నారు! పోటీలో తొలి అంశంగా అదే ఇవ్వవచ్చు.

అంశాలకు కొదువ లేదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రాల కోసం జనం నడుములు వంచి వెతుకుతుంటారు. విత్తనం వేయవలసిన రైతు చేనుకు కాపలా కాస్తుంటాడు. పత్తికొండ మార్కెట్టులో టమోటా ధర ఒకప్పుడు చెట్టెక్కి కూర్చుంటుంది, మరొకప్పుడు గంపలు రోడ్డుపై పారబోయిస్తుంది. ఇవి ఏడ్పించే సంగతులే. అయినా రచ్చబండ దగ్గర వీటిమీద విసుర్లు పుడుతూనే ఉన్నాయి. వాటిని వేదిక ఎక్కించేవారే లేరు.

పోటీలంటే ఇప్పుడు బడి పిల్లలకే. నవంబరు 14 నుండి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన, వక్తృత్వం పెడతారు. మంచిదే. కాని బడి మానిన కుర్రవాడికి, అక్షరం రాని అవ్వకు అందులో చోటేది? మాటకు మాట అంటించడంలో ఆ అవ్వను గెలవగల పండితుడు అరుదు. పైగా పంట చేతికి రాని ఏడు కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుండి కుటుంబాలకు కుటుంబాలే పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. పిల్లల చదువు సగంలో ఆగిపోతుంది. ఊళ్లో ముసలివారు మిగులుతారు. అటువంటి ఏడు నవంబరులో పోటీ పెడితే ఎవరికి? పండుగకు ఊరు చేరేవారుంటారు గనుక ఉగాదే తగిన రోజు.

పిల్లలు పెద్దల ముందు నిలవలేరనే వాదన రావచ్చు. ఛందస్సుకు మార్కులు వేస్తే నిజమే. సభ నవ్విందా లేదా అన్నదే కొలత అయితే పదేళ్ల పిల్ల తాతను ఓడించినా ఆశ్చర్యం లేదు. రాయడం రానివారు నోటితో చెప్పవచ్చుననే నియమం తప్పక ఉండాలి. భాష విషయంలోనూ పట్టుదల తగదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలోనిదే. ఇక్కడి మాటలో కన్నడం, ఉర్దూ కలిసే ఉన్నాయి. 'యాడికి పోతాండావప్పా' అన్న వాక్యాన్ని న్యాయనిర్ణేత దిద్దబోతే నవ్వు అక్కడే చస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం కట్టడి అవసరం. కులాన్ని, అవిటితనాన్ని, ఆడవారిని గేలి చేసే కవితలు వేదిక ఎక్కకుండా ముందే చూసుకోవాలి. బలవంతుణ్ణి, తననుతాను ఎంతైనా వెక్కిరించుకోనివ్వవచ్చు. వేదికపై ఉన్న నాయకులు కూడా ఆ పూటకు ఓర్చుకోవాలి.

ఖర్చు పెద్దగా లేదు. శాలువాల సొమ్ములో సగం చాలు. బహుమతిగా ఎమ్మిగనూరు చేనేత దుప్పటి ఇస్తే గెలిచినవారికి పనికొస్తుంది, నేసినవారికీ నాలుగు రూపాయలు దక్కుతాయి.