ఆపరేషన్‌కు లక్షలు, మాత్రకు మొండిచెయ్యి

తెలుగువారి వాడుకలో బీపీ అంటే కోపం. ''నాకు బీపీ తెప్పించకు'' అన్న మాట ఇంట్లో, ఆఫీసులో, సినిమాలో రోజూ వినిపించేదే. శాంతంగా ఉండే మనిషికి బీపీ రాదని, వస్తే తలనొప్పో కళ్లు తిరగడమో ఉండి తెలిసిపోతుందని నమ్మేవారికి కొదవ లేదు. ఈ నమ్మకానికి చెల్లించే మూల్యం ఎక్కువ. అధిక రక్తపోటు ఉన్న చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు. అది ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా గుండె, మెదడు, మూత్రపిండాల రక్తనాళాలను దెబ్బతీసి, ఒకరోజు పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడుతుంది.

దీని విస్తృతి గురించి అనుమానాలేమీ లేవు. దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తేల్చింది. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 ఏళ్లు, ఆపై వయసు వారిని పరీక్షించింది. మగవారిలో 24 శాతం, ఆడవారిలో 21 శాతం మందికి రక్తపోటు 140/90 లేదా అంతకు మించి ఉంది, లేదా వారు అప్పటికే మందులు వాడుతున్నారు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ సగటును దాటేశాయి. తెలంగాణ మగవారిలో ఇది 31 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం.

అసలు కథ మరో సర్వేలో ఉంది. అసాంక్రమిక వ్యాధులపై 2017-18లో జరిగిన జాతీయ పర్యవేక్షణ సర్వే 18-69 ఏళ్ల వారిలో 28.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్టు గుర్తించింది. అలాంటి ప్రతి 100 మందిలో ఆ సంగతి తెలిసినవారు 28 మందే. చికిత్స పొందుతున్నది 15 మంది లోపు. రక్తపోటు అదుపులో ఉన్నది సుమారు 13 మందికి. ఈ అంకెలను కిందినుంచి పైకి చదివితే ఒక విశేషం కనబడుతుంది. మందులు వాడుతున్నవారిలో అత్యధికులకు రక్తపోటు అదుపులోనే ఉంది. అంటే మందు పనిచేస్తోంది. రోగి మందు దాకా రావడమే లేదు.

చేతికి పట్టీ చుట్టి చూడడానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. ఎక్కువమందికి మొదట ఇచ్చే ఆమ్లోడిపిన్ లాంటి మాత్రలు పాతవి, చవకవి. అయినా ఈ వైఫల్యం ఎందుకు? దీనికి సమాధానం వైద్యంలో కంటే రాజకీయాల్లోనే ఎక్కువ దొరుకుతుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ అయినా, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ బీమా అయినా ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారి కోసమే. ఆ పథకాలు ఎన్నో ప్రాణాలు కాపాడాయి, వాటిని తప్పుపట్టనక్కర్లేదు. కానీ గుండె ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఓటరుగా ప్రభుత్వాన్ని గుర్తుంచుకుంటాడు. పక్షవాతం రాకుండా తప్పించుకున్న మనిషికి తాను తప్పించుకున్నానన్న సంగతే తెలియదు. రాని జబ్బుకు ఓట్లు రాలవు.

అలాగని మార్గం లేకపోలేదు. 2017 నవంబర్‌లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి దశకు ఎంచుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో అద్భుతాలేమీ లేవు. డాక్టరుకో రకం మందు కాకుండా రాష్ట్రమంతటికీ ఒకే చికిత్సా పద్ధతి, నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వడం, రక్తపోటు చూసే పని నర్సుకు అప్పగించడం, రానివారికి ఫోన్ చేసి పిలవడం, ఇంతే. 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం కూడా దక్కిన ఈ కార్యక్రమంలో పెద్దాసుపత్రుల కంటే ఊరికి దగ్గరగా ఉన్న చిన్న కేంద్రాల్లోనే మెరుగైన ఫలితాలు వచ్చాయి. కారణం ఊహించలేనిది కాదు. నాలుగు మాత్రల కోసం ఒక రోజు కూలి, బస్సు చార్జీ వదులుకోవాల్సి వస్తే ఎవరైనా రెండో నెలకే మానేస్తారు. ''బాగానే ఉన్నాను కదా'' అన్న సాకు ఎలాగూ సిద్ధంగానే ఉంటుంది.

బాధ్యత ప్రభుత్వానిది మాత్రమే కాదు. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, 2017-18 సర్వే ప్రకారం మనవాళ్లు ఎనిమిది గ్రాములు తింటున్నారు. ఆవకాయ, అప్పడం లేనిదే ముద్ద దిగని ఇళ్లు ఈ సంగతి ఆలోచించుకోవాలి. 30 ఏళ్లు దాటినవారు జబ్బు చేసేదాకా ఆగకుండా ఏడాదికోసారైనా బీపీ చూపించుకోవాలి.

2025 నాటికి అధిక రక్తపోటు, మధుమేహం ఉన్న 7.5 కోట్ల మందికి ప్రామాణిక చికిత్స అందిస్తామని 2023 మేలో కేంద్రం ప్రకటించింది. అయితే ఎంతమంది పేర్లు నమోదయ్యాయన్నది సులువైన లెక్క. వారిలో ఎంతమంది రక్తపోటు 140/90 కంటే తగ్గింది, ఎంతమంది మందులకు మళ్లీ రాలేదు అన్నదే అసలు లెక్క. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆ రెండు అంకెలను మూడు నెలలకోసారి గోడ మీద రాసిపెడితే చాలు. ఊరి సర్పంచ్ నుంచి ఆరోగ్య మంత్రి దాకా ఎవరు పనిచేస్తున్నారో జనానికి తెలిసిపోతుంది. రాని జబ్బుకు కూడా ఓట్లు రాలే రోజు అప్పుడే వస్తుంది.