కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా!

అమలాపురం వెళ్ళినప్పుడల్లా నాన్నగారు అడిగేవారు, "మా ఇద్దరికీ ఏదైనా హెల్త్ పాలసీ తీసుకోవాలేమోరా" అని. "కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా" అనేవాణ్ణి. మన సాఫ్ట్‌వేర్ జనాలు చాలామంది చెప్పే మాటే.

మొన్న ఉద్యోగం మారాను. ఆఖరి రోజుతోనే పాత కవరేజీ ఆగిపోయింది. కొత్త కంపెనీలో భార్యాపిల్లల వరకే, అమ్మానాన్నలకి లేదు. నాన్నగారికేమో షుగరు. ఇప్పుడు సొంత పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు. (2024 ఏప్రిల్‌కి ముందు నాలుగేళ్ళ దాకా ఉండేది.) ఐదేళ్ళ క్రితం మొదటి జీతంతోనే తీసుకుని ఉంటే ఆ గడువు ఈపాటికి అయిపోయేది.

కంపెనీ పాలసీ ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. అందుకే అమ్మానాన్నల పేర సొంత పాలసీ ఇప్పుడే మొదలుపెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. తీసుకునే ముందు మన అమలాపురం, కాకినాడ, రాజమండ్రిల్లో ఏ ఆస్పత్రుల్లో క్యాష్‌లెస్ ఉందో చూసుకోండి.

రాజీనామా చేస్తున్నారా? గ్రూపు పాలసీని అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో వెళ్ళేలోపే హెచ్చార్ వాళ్ళని అడగండి.

నేను అడగలేదు.