పాత ప్రాజెక్టులకు దిక్కెవరు?
కొత్త కంప్యూటర్‌లో పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కడం లేదంటే ‘కాలం మారింది, కొత్తది కొనుక్కో’ అనేయడం అన్యాయం. ఆపిల్ వారి ఫైనల్ కట్ ప్రో 7నే చూడండి. 2009లో వచ్చింది. 2011లో దాని స్థానంలోకి దిగిన ఫైనల్ కట్ ప్రో ఎక్స్ ఆ పాత ప్రాజెక్టులను నేరుగా తెరవనే తెరవలేదు. 2017 నాటి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ హై సియెరాలో పాతది పనిచేయడం మానేసింది. 2019లో వచ్చిన మరో వెర్షన్ కాటలినా అలాంటి 32 బిట్ ప్రోగ్రాములన్నింటికీ తలుపులు మూసేసింది. పోయేది సాఫ్ట్‌వేర్ ఒక్కటే అయితే నాకింత బాధ లేదు. ప్రాజెక్టు ఫైల్లో వీడియో ఉండదు. ఏ షాటు ఏ ఫ్రేము దగ్గర తెగింది, మాట ఎక్కడ ఆగి సంగీతం ఎక్కడ అందుకుంది అన్న లెక్కలుంటాయి. ఎడిటర్ ఆలోచన మొత్తం అందులోనే. ఫుటేజీ ఎంత భద్రంగా ఉన్నా ఆ ఫైలు తెరుచుకోకపోతే పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఒక సాఫ్ట్‌వేర్‌ను ఆపేసే కంపెనీ, దాని ఫైళ్లను చదివే చిన్న ఉచిత ప్రోగ్రామైనా ఇచ్చి తీరాలి. అంతవరకూ, పాత మ్యాక్ నడుస్తుండగానే ప్రతి ప్రాజెక్టునూ ఎక్స్‌ఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ప్రీమియర్, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాములు దాన్ని చదవగలవు. ఎఫెక్టులు, టైటిళ్లు కొన్ని రాలిపోయినా కట్‌లు నిలుస్తాయి.