మనోళ్ళు కుర్చీ ఎక్కితే చాలా?

"మన పిల్ల ఒకతి ఎస్పీ అయితే చాలు, పోలీసోళ్ళ తీరే మారిపోద్ది" అనుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, లండన్ సంగతి ఒకటి వినండి.

అక్కడి మెట్రోపాలిటన్ పోలీసు 1829లో పుట్టింది. దానికి తొలి మహిళా కమిషనర్ 2017లో వచ్చింది. పేరు క్రెసిడా డిక్.

అంతకు పన్నెండేళ్ళ ముందు, 2005 జూలై 22న, స్టాక్‌వెల్ స్టేషన్లో జీన్ చార్లెస్ డి మెనెజెస్‌ని పోలీసులు చంపారు. బ్రెజిల్ నుంచి పొట్టకూటికి వచ్చిన కరెంటు పనోడు, 27 ఏళ్ళు. ముందురోజు బాంబులు పేల్చబోయినోడు అనుకొని, రైల్లోనే తలలో ఏడు బుల్లెట్లు దింపారు. కంట్రోల్ రూమ్ నుంచి ఆపరేషన్ నడిపింది డిక్.

గేటు దూకి ఉరికాడని, లావు కోటు తొడిగాడని ప్రచారం నడిచింది. నిజానికి కార్డు పెట్టి గేటు దాటాడు, పేపరు తీసుకున్నాడు, ఒంటిమీద జీన్స్ జాకెట్. చచ్చినోడి మీదే తప్పు నెట్టే కథలు మనకేం కొత్త?

మరి శిక్ష? 2007లో కోర్టు డిపార్టుమెంటును దోషి అంది. ఏ చట్టం కింద అనుకున్నారు? పనిచేసే చోట ఆరోగ్యం, భద్రత చట్టం! ఫ్యాక్టరీలో మిషనుకు అడ్డు పెట్టకపోతే వేసే కేసు లాంటిది. 1,75,000 పౌండ్ల జరిమానా, అదీ జనం సొమ్ములోంచే. డిక్‌ది వ్యక్తిగతంగా తప్పు లేదని అదే జ్యూరీ చెప్పింది. సరే, ఒప్పుకుందాం. నడిపినామెది తప్పు కాదు, కాల్చినోళ్ళ మీద కేసే లేదు. మరి ఆ పిల్లగాణ్ణి ఎవరు చంపినట్టు?

2008 విచారణలో, "కాల్చేముందు హెచ్చరించాం" అన్న పోలీసు మాట జ్యూరీ నమ్మలేదు. అయినా అది చట్టవిరుద్ధమైన హత్య అని తేల్చే వీలు వాళ్ళకి ఇయ్యలేదు.

ఆమె మాత్రం మెట్టు మెట్టూ ఎక్కింది. 2019లో డేమ్ బిరుదు. 2021లో ఆమె కింద పనిచేసే పోలీసే సారా ఎవరార్డ్‌ని అరెస్టు నెపంతో ఎత్తుకుపోయి చంపాడు. ఆ పిల్లను తలుచుకోడానికి చేరిన ఆడోళ్ళలో కొందర్ని పోలీసులు నేలకి అదిమి సంకెళ్ళేశారు. కుర్చీలో ఉన్నది ఆడమనిషే! 2022లో, మేయర్‌కి నమ్మకం పోయాక గానీ దిగలేదు.

మన పిల్లలు ఎస్పీలు కావద్దని కాదు. కావాలి. కానీ తుపాకి పేలినరోజు ఆర్డరెవరిచ్చారని ఊరు అడిగితే, పేరుపెట్టి జవాబు చెప్పాల్సిన చట్టం కూడా కావాలి. వాకపల్లిలో పదకొండుమంది కోందు అక్కలు 2007 నుంచి అదే అడిగారు. 2023లో కోర్టు దర్యాప్తే సరిగా జరగలేదంది, నిందితులను వదిలేసింది, అక్కలకు పరిహారం ఇమ్మంది. లండన్లో జరిమానా, వాకపల్లిలో పరిహారం. రెండుచోట్లా డబ్బు లెక్క తేలింది, మనిషి పేరు తేల్లేదు.