పెరటి చెట్టును చిన్నచూపు చూడవద్దు

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని తెలుగులో ఒక సామెత ఉన్నది. చేరువలో ఉన్నదాని విలువ మనిషికి తెలియదన్న లోకరీతిని ఎత్తిపొడవడానికి పెద్దలు చెప్పిన మాట అది. నేటి పరిస్థితిని చూస్తే ఆ సామెత కూడా అర్థం కోల్పోతున్నదేమో అనిపిస్తుంది. చెట్టు వైద్యానికి పనికివచ్చునా రాదా అన్న చర్చ అటుంచి, అసలు పెరడే కనుమరుగవుతున్నది. మిగిలిన కొద్దిపాటి పెరళ్లలోనూ క్రోటన్లు, గడ్డి తివాచీలు తప్ప పళ్లెంలోకి వచ్చే ఆకు ఒక్కటీ కనిపించదు. ఈ విషయమై నా మనసులోని నాలుగు మాటలు విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు విన్నవించుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కొంతకాలం క్రితం తరగతిలో పాఠం మధ్య ఆకుకూరల ప్రస్తావన వచ్చింది. మరునాడు మా ఇంటి నుండి నాలుగు రకాల ఆకులు తెచ్చి బల్లమీద పరిచాను. పొన్నగంటి, గంగవాయిలి, చుక్కకూర, అవిసె. పేర్లు చెప్పమని అడిగితే చుక్కకూరను కొందరు గుర్తించారు. తక్కినవాటి వద్ద తరగతి మౌనం వహించింది. అప్పుడు వెనుక వరుసలోని ఒక విద్యార్థిని లేచి గంగవాయిలిని చూపి, "సార్, ఇది కుల్ఫా. మా దాదీమా పప్పులో వేసేది" అన్నది. ఆ మాట వినగానే మరొక అబ్బాయి, "అయితే ఇది మా అమ్మమ్మ చెప్పే గంగపాయల కూరే" అన్నాడు. ఒకే మొక్కను రెండు భాషలలో రెండు ఇళ్లు ఎరిగి ఉన్నాయి. ఒకే గదిలో కూర్చున్న పిల్లలకు మాత్రం ఆ సంగతి అంతవరకు తెలియదు. ఆనాటి పాఠం నేను చెప్పినది కాదు, నేర్చుకున్నది.

ఉర్దూ, తెలుగు భాషల చెలిమికి కవిత్వంలోనే కాదు, వంటింటిలోనూ సాక్ష్యాలున్నాయి. కరివేపాకు దక్కనీ ఉర్దూలో కరియాపాక్ అయింది. చింతచిగురులోని చిగురు ఉన్నదున్నట్టుగా హైదరాబాదు చిగుర్ గోష్త్‌లో చేరింది. మన గోంగూరే అక్కడ అంబాడా. అటునుండి పారసీక పదాలైన పుదీనా, ఖర్బూజా తెలుగువారి సొంత మాటలైపోయినాయి. మాటలు ఇచ్చిపుచ్చుకున్నవారు విత్తనాలను ఇచ్చిపుచ్చుకోకుండా ఉండి ఉంటారా? గోడ మీదుగా ఒక గుప్పెడు గింజలు, ఒక కొమ్మ చేతులు మారడమే ఇరుగుపొరుగు అన్న మాటకు అసలైన అర్థం.

నేడు ఇంటి తోటలపై మోజు లేకపోలేదు. మేడలపై కుండీలు వెలుస్తున్నాయి. కాని ఆ మోజు ఎక్కువగా దూరదేశపు వింత పండ్ల మీదికి, ఖరీదైన అంటుమొక్కల మీదికి పోతున్నది. నేను పరదేశపు మొక్కకు విరోధిని కాను. పోర్చుగీసువారు 1498లో మన తీరానికి వచ్చిన తరువాత కాని మిరపకాయ మన దేశానికి రాలేదు. బొప్పాయి, జామ, సీతాఫలం, టమాటా ఇవన్నీ అమెరికా ఖండాల నుండి వచ్చినవే. ఒకనాటి వింత మరొకనాటి వాడుక అవుతుంది. అయితే వింత అనగానే దూరం చూడడం మన బలహీనత. ఈ తరానికి పొన్నగంటి కంటె వింత మొక్క ఏమున్నది? మరచిపోయినది కూడా అరుదైనదే. పైగా మన ఎండకు, మన నేలకు తట్టుకొని నిలిచినది.

ఈ సందర్భంలో రెక్కల చిక్కుడు కథ చెప్పుకోదగినది. నాలుగు అంచులు రెక్కలవలె ఉండే ఈ చిక్కుడును ఆగ్నేయాసియాలోను, న్యూగినీలోను చాలాకాలంగా పండిస్తున్నారు. కాయ, ఆకు, పువ్వు, గింజ, దుంప అన్నీ తినదగినవే. గింజలో మాంసకృత్తులు సోయాతో పోల్చదగినంత ఉంటాయి. 1975లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ దీనిపై ఒక పుస్తకం ప్రచురించగానే ఉష్ణమండల దేశాల ఆకలికి ఇదే మందన్న ఆశలు రేగాయి. ఆశించినంతగా అది పొలాలకెక్కలేదు. తీగకు పందిరి కావాలి. చాలా రకాలు పగటి పొద్దు తగ్గితే కాని పూయవు. గింజ పొట్టు గట్టిది, మొలకెత్తడానికి మొరాయిస్తుంది. వేల ఎకరాల సేద్యానికి ఇవి లోపాలే. కాని ఇంటి ప్రహరీ పక్కన నాలుగు తీగలు పెంచుకునేవానికి ఇవి లోపాలే కావు. పొలానికి పనికిరానిది పెరటికి పనికిరావచ్చును. అరుదైన మొక్కలకు పెరడే సరియైన చోటని నేను అనడానికి కారణం ఇదే.

ఇక విత్తనం సంగతి. మొక్కను కొని తెచ్చి నాటడం వేరు, గింజ నుండి లేపడం వేరు. మొదటిది బేరం, రెండవది విద్య. ఈ విద్యలో మొదటి సూత్రం ఏమనగా, ప్రతి గింజకు ఒక స్వభావం ఉంటుంది, దానిని ఎరిగి నడుచుకోవాలి. తోటకూర, గంగవాయిలి గింజలు ఆవాల కంటె చిన్నవి. వాటిని పూడ్చితే పైకి రాలేవు. గంగవాయిలికైతే మొలకెత్తడానికి వెలుతురు కూడా కావాలి. పొడి ఇసుకలో కలిపి మట్టిమీద చల్లి, చేత్తో మెల్లగా అదిమితే చాలును. చిక్కుడు వంటి పెద్ద గింజలను వాటి మందానికి రెండు మూడింతల లోతున పెట్టాలి. చమ్మకాయ, రెక్కల చిక్కుడు వంటి గట్టి గింజలను గరుకు రాతిపై ఒక పక్క కొద్దిగా రుద్ది, రాత్రంతా నీటిలో నానవేయాలి. ధనియం చూడడానికి ఒకటే అయినా అందులో గింజలు రెండు. రెండు బద్దలయ్యేటట్టు నలిపి చల్లాలి. పొన్నగంటికి గింజతో పనే లేదు, కణుపున్న కాడను తడినేలలో గుచ్చితే అల్లుకుంటుంది.

నారు పోయడానికి వెండి పళ్లేలు అక్కరలేదు. అడుగున చిల్లులు పొడిచిన పాత డబ్బా చాలును. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపాలి. కొత్తవారు చేసే పెద్ద తప్పు నీరు తక్కువ పోయడం కాదు, ఎక్కువ పోయడం. మొలక మొదలు కుళ్లి ఒరిగిపోయే నారుకుళ్లు తెగులుకు మురుగుతడి, గాలి ఆడకపోవడమే ఆహ్వానం. పాత గింజలలో జీవం ఉన్నదో లేదో తెలియకపోతే పది గింజలను తడిగుడ్డలో చుట్టి వారం పది దినాలు చూడాలి. ఎనిమిది మొలిస్తే ధైర్యంగా విత్తవచ్చును. రెండే మొలిస్తే మోసం గింజది కాదు, దాచినవానిది.

నా అపజయం కూడా చెప్పకపోతే ఈ ఉపదేశం బడాయి అవుతుంది. తెలంగాణలో బోడకాకర అనీ, కోస్తాలో ఆకాకర అనీ పిలిచే కాయపై నాకు మక్కువ ఎక్కువ. పండిన కాయలోని గింజలు ఒక ఏడాది కుండీలో పెట్టాను. ఒక్కటీ మొలవలేదు. విసుగుతో ఆ మట్టిని గోడవార పారబోశాను. మరుసటి వానకాలం అక్కడ రెండు తీగలు లేచాయి. గింజలు చావలేదు, నిద్రించినాయన్నమాట. సంబరపడి పందిరి వేశాను. పసుపుపచ్చని పూలు విరివిగా పూచాయి, కాయ ఒక్కటీ కాయలేదు. విచారిస్తే తేలినదేమనగా, ఈ జాతిలో మగతీగ వేరు, ఆడతీగ వేరు. నావి రెండూ మగవే. పువ్వు కింద చిన్న కాయవంటి బుడిపె ఉంటేనే అది ఆడపువ్వు. మూడవ ఏట ఒక రైతును బతిమాలి ఆడతీగ దుంప తెచ్చి నాటిన తరువాత కాని మా ఇంట కూర వండలేదు. ఒక కూరకు మూడేళ్లా అని మిత్రులు నవ్వారు. ఎం.ఏ. పట్టాకు రెండేళ్లే పట్టిందని నేనూ నవ్వాను. ఏది ఎక్కువ నేర్పిందో మాత్రం చెప్పలేను.

ఇంతకంటె పెద్ద నష్టం ఒకటి ఉన్నది. దానికి మూడేళ్లు కాదు, మూడు తరాలైనా పరిహారం దొరకదు. మా దాదీమా పండుగలకు హిజ్రీ నెలలు లెక్కించేది. విత్తనానికి మాత్రం కార్తెలు లెక్కించేది. పండుగ నెలలు చంద్రునితో ఋతువులన్నీ తిరుగుతాయి, కార్తెలు సూర్యునితో వానను పట్టి ఉంటాయి అని ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు. మిరుగం రాగానే అటకమీది చిన్న కుండను దింపేది. అందులో బూడిద కలిపిన చిక్కుడు గింజలు ఉండేవి. ఊదారంగు అంచుతో పొట్టిగా, కండగా ఉండే ఆ కాయ మరెక్కడా నేను చూడలేదు. నేను ఎం.ఏ. చదువుతున్న రోజులలో ఆమె గతించింది. తరువాత ఇంటికి మరమ్మతు చేయించినప్పుడు ఆ కుండను పాతసామానుతో పాటు బయట వేశాము. వేసినవారిలో నేనూ ఒకడిని. అందులో ఏమున్నదో తెలిసి కూడా, బజారులో చిక్కుడు దొరకదా అనుకున్నాను. దొరుకుతున్నది, కాని అది కాదు.

విత్తనం విలువ తెలిసినవారు దానికోసం ఏమి చేశారో చరిత్ర చెబుతుంది. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ దేశదేశాలు తిరిగి పంటల విత్తనాలను సేకరించాడు. ఆయన 1943లో చెరసాలలో మరణించాడు. అదే కాలంలో, లెనిన్‌గ్రాడ్ నగరం శత్రువుల ముట్టడిలో ఉండగా, ఆయన సంస్థలోని శాస్త్రజ్ఞులు కొందరు ధాన్యపు సంచుల నడుమ ఆకలితో ప్రాణాలు విడిచారు గాని విత్తనాలను తినలేదు. అంత దూరం పోనక్కరలేదు. మన జహీరాబాదు ప్రాంతంలోని పస్తాపూర్ చుట్టుపక్కల పల్లెలలో పేద మహిళలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, సంఘాలుగా కూడి పాత పంటల విత్తనాలను ఇళ్లలో కాపాడుతున్నారు. వారి కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. 2001 నాటి మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకు తన విత్తనాన్ని దాచుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును గుర్తించింది. హక్కు కాగితం మీద ఉన్నది. గింజ కుండలో లేకపోతే ఆ హక్కుతో ఏమి విత్తుతాము?

దీనికి అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. పరీక్షలు వదిలి మట్టి పిసకడమా అని తల్లిదండ్రులు అడగవచ్చు. రోజుకు పావుగంట చాలును. వృక్షశాస్త్ర విద్యార్థికి అది ప్రయోగశాల, భాషా విద్యార్థికి నిఘంటువు. చదువుకున్నవారికి ఇది తగని పని అన్నవారికి నేను జవాబు చెప్పను. వారి పళ్లెమే చెబుతుంది. అజాగ్రత్త వలన ప్రమాదం లేదా అంటే, ఉన్నది. పోలిక తెలియని ఆకును ఎన్నడూ తినరాదు. చమ్మకాయను లేతగా వండాలి. ముదిరిన గింజలలో విషపదార్థాలు ఉంటాయి. గంగవాయిలిలో మేలుచేసే ఒమేగా-3 కొవ్వు ఉన్నట్టే ఆగ్జలేటులూ ఉన్నాయి; మూత్రపిండాలలో రాళ్లున్నవారు మితం పాటించాలి. ఇవన్నీ పెద్దల చేతికింద నేర్చుకోవలసినవి. అందుకే ఆ పెద్దలు ఉండగానే మొదలుపెట్టాలంటున్నాను.

ఇక కమిటీ వారికి నా మనవి. గ్రంథాలయం వెనుకనున్న ఖాళీ స్థలమంతా సిమెంటు గచ్చు చేయించి వాహనాలు నిలుపుకొనే ఏర్పాటు చేయాలన్న ఆలోచన ఉన్నట్టు విన్నాను. వాహనాలకు చోటు కావలసిందే, కాదనను. గోడ పొడవునా పది అడుగుల వెడల్పు నేలను మాత్రం మట్టిగా మిగల్చండి. ఒకసారి గచ్చు పడిన నేల మళ్లీ మట్టి కావడం మన కాలంలో జరగదు. నీటికి కొత్త ఖర్చు అక్కరలేదు. నమాజు గది వద్ద వజూ చేసిన నీరు సబ్బు కలియనిది. దినమంతా మురుగుకాలువలోకి పోతున్నది. దానిని ఒక గొట్టంతో మళ్లిస్తే పొన్నగంటి మడి ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది.

మరొక్క కోరిక. గ్రంథాలయంలో ఒక బీరువా ఇప్పించండి. అందులో పుస్తకాలకు బదులు విత్తనాల సీసాలు ఉంటాయి. ప్రతి సీసాపై గింజ పేరు ఉర్దూలోను, తెలుగులోను, ఏ ఇంటినుండి, ఏ సంవత్సరం వచ్చినదీ రాసి ఉంటుంది. పుస్తకం తీసుకున్నవారు అదే పుస్తకాన్ని తిరిగి ఇస్తారు. విత్తనం తీసుకున్నవారు పంట తీసి రెట్టింపు ఇవ్వాలి. ఏటేటా పెరిగే గ్రంథాలయం ఇంతకంటె చవకగా ఎవరికీ దొరకదు.

విద్యార్థులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నానీమానో, అమ్మమ్మనో, నాయనమ్మనో ఒక్క ప్రశ్న అడగండి. నీ చిన్నప్పుడు పెరట్లో ఏముండేది? ఆమె చెబుతున్నప్పుడు రాసుకోండి. అటకమీద చిన్న కుండ ఏదైనా ఉంటే మూత విప్పి చూడండి. పారవేయకండి. తిరిగి వచ్చేటప్పుడు పుస్తకాల సంచిలో ఒక గుప్పెడు తెచ్చి నాకు ఇవ్వండి. మిరుగం నాటికి నేల సిద్ధం చేసి ఉంచే పూచీ నాది. ఆ నేల మిగిల్చే పూచీ కమిటీ పెద్దలది.